శీలావతి గొంతు ఏ రాయి కింద ఉంది?

ఒకప్పుడు చేపలకు మాటలొచ్చేవి. చిలకలాగా నేర్పిన నాలుగు ముక్కలు కాదు, నిండు మాటలు. చేపకు కళ్ళు మూతపడవు కదా, అందుకని పొద్దని లేదు, మాపని లేదు, ఎప్పుడూ వాగుడే. బురద ఏ మూల మెత్తగా ఉంది, ఎగువన వాన పడిందా, ఎవరి పిల్లల్ని ఎవరు మింగారు, ఇవే కబుర్లు.

ఏరు మాత్రం అప్పట్లో మూగది. రాళ్ళ మీద పారినా సరే, చడీచప్పుడూ లేకుండా నూనెలా జారిపోయేది. మున్నేటి ఒడ్డున నిలబడితే నీళ్ళ చప్పుడు వినపడేది కాదు. చేపల గోల ఒక్కటే వినపడేది.

ఇన్ని మాటలొచ్చిన చేపలకు ఒక్కటే రాదు. అబద్ధం. నోరు తెరిస్తే నిజం తప్ప ఇంకోటి వచ్చేది కాదు. మంచిదే కదా అంటారు మీరు. ఎవరికి మంచిదో చెప్తాను, వినండి.

ఆ రోజుల్లో గాలం వేసేవాళ్ళకు ఒక ఆచారం ఉండేది. నీళ్ళల్లో ఉన్న చేప ఉన్నట్టు కనపడదు. పైకి తీద్దామా, మెలికలు తిరుగుతుంది, కొలవనివ్వదు. అందుకని చేప ఎంతుందో తేలాలంటే చేపనే అడగాలి. అది ఎంతంటే అంత. ఆ తర్వాత ఎవరూ నోరెత్తడానికి లేదు.

పొట్టకూటికి చేపలు పట్టేవాళ్ళకు దీనితో పని లేదు. వాళ్ళకు వలలున్నాయి, తెప్పలున్నాయి, కబుర్లకు తీరిక లేదు. ఇబ్బందంతా సరదాకి గాలం వేసేవాళ్ళకే. సాయంత్రం కాగానే వాళ్ళంతా చాకిరేవు బండల మీద చేరి, దొరక్కుండా పోయిన చేపల గురించి చెప్పుకునేవాళ్ళు. అందరిలోకీ పెద్దవాడు రత్తయ్య. ఆయన తలపాగా సర్దుకుని మొదలుపెట్టేవాడు.

"ఇయ్యాల నా గాలానికి ఒక వాలుగ పడిందిరా. దాన్ని పైకి లాగుంటే ఏరు అడుగు తగ్గేది."

వెంటనే నీళ్ళల్లోంచి గొంతు వచ్చేది. "రత్తయ్యా, ఆ వాలుగని నేనేగా. నేను మూరెడు కూడా లేను. పైగా నీ గాలానికి పడలా. నా దారిన నేను పోతుంటే నువ్వే కేకేశావు."

బండల మీద అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. రత్తయ్య తలపాగా మళ్ళీ సర్దుకునేవాడు.

ఆ గుంపులో బుచ్చిలింగం ఒకడు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరగడం అతని పని. ఆడవాళ్ళ మణికట్టు చూడగానే ఏ గాజు పడుతుందో చెప్పేసేవాడు. చెప్పింది ఎన్నడూ తప్పలేదు. అదేం విచిత్రమో గానీ, చేప దగ్గరికొచ్చేసరికి ఆ కన్ను బొత్తిగా పనిచేసేది కాదు.

పాపం, బుచ్చిలింగం వారమంతా వినేవాడు. ఇది బిగుతు, అది వదులు, ఈ పచ్చ కాదు, ఆ పచ్చ కాదు, మా తోటికోడలు వేసుకున్న పచ్చ. అన్నిటికీ తలూపి తలూపి మెడ పట్టేసేది. వారానికొక్క పూట మలారం దించి, వెదురు గాలం కర్ర పట్టుకుని ఏటికొచ్చేవాడు. నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని, నీటి మీద తేలే బెండు వంక చూస్తూ కూర్చుంటే ఆ వారం బరువంతా దిగిపోయేది. ఆ పూట లేకపోతే తను ఏమైపోతాడో అతనికే తెలియదు. చేప దొరకాలని కూడా అతనికి పెద్ద పట్టింపు లేదు. దారం ఒక్కసారి జివ్వున లాగాలి, అంతే.

ఆ లాగేది ప్రతిసారీ ఒకటే చేప. శీలావతి. ఎర్రటి రెక్కలు, గుండ్రటి మొహం, మహా మర్యాదస్తురాలు. గాలానికి గుచ్చిన ఎర్రను కొసనుంచి కొరుక్కుని, రెండు లాగులు లాగి, గాలాన్ని వదిలేసి పైకి తేలేది.

"బాగా లాగానా లింగయ్యా?"

"బ్రహ్మాండంగా లాగావు శీలావతమ్మా. నా చెయ్యి ఇంకా వణుకుతోంది."

"ఎర్ర బాగుంది. ఏ దొడ్లోది? సర్లే, ఊళ్ళో సంగతులు చెప్పు. ఆ పచ్చ గాజులామెకు చివరికి పచ్చ దొరికిందా?"

అలా కబుర్లతో పొద్దు వాలేది. శీలావతికి ఊరి సంగతులంటే ప్రాణం. బుచ్చిలింగానికి, అతని మాట వినేవాళ్ళు ఒకళ్ళున్నారంటే అదే పదివేలు.

అయితే అతనికొక జబ్బు ఉంది. శీలావతి పొడవు జానెడు మీద నాలుగు వేళ్ళు. ఆ మాట ఆమే ఎన్నోసార్లు చెప్పింది. బుచ్చిలింగం బండల దగ్గరికొచ్చేసరికి, చేపలు కాదంటున్నా, అది మూరెడయ్యేది. చేపల మాట వినపడని ఊరి మొగలో రెండు మూరలు. వాళ్ళ ఇల్లేమో ఏటికి బాగా దూరం. గడప దాటేసరికి శీలావతి బారెడు చేప అయ్యేది.

ఇంట్లో అతని భార్య మంకమ్మ మసాలా నూరుకుని కూర్చునేది. ప్రతిసారీ వెళ్ళేముందు "నూరిపెట్టు, తెస్తున్నా" అని అతనే చెప్పి వెళ్ళేవాడు మరి. చేప రాదు. నూరిన మసాలా పారబోయలేక దాన్ని సొరకాయలో వేసేది. బుచ్చిలింగం ఇంటి సొరకాయ కూర చేపల పులుసులా ఘుమఘుమలాడుతుందని వీధంతా చెప్పుకునేది. మంకమ్మకు మాత్రం సొరకాయ పేరెత్తితే ఒళ్ళు మండేది.

ఒకరోజు ఆమె పొత్రం పక్కన పెట్టి లేచింది.

"ఏందయ్యా, బారెడు చేప వారం వారం పడుద్ది, వారం వారం పోద్ది. మన ఇంటికి మాత్రం సొరకాయే వస్తది. నా రోలు అరిగిపోయింది. రేపు నేను కూడా ఏటికొస్తా. ఆ చేపనే అడుగుతా."

"దాన్నెందుకే ఇబ్బంది పెట్టడం," అన్నాడు బుచ్చిలింగం, నీళ్ళు నములుతూ.

"అడుగుతా. బారెడు కాదని ఆ చేప అందా, నీ గాలం కర్ర తెచ్చి కాకరపాదుకి పాతేస్తా. ఇంక ఏరూ లేదు, ఎర్రలూ లేవు. ఆ పూట కూడా గాజులే అమ్ముకో."

మంకమ్మ అన్నదంటే చేస్తుంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, కాకరపాదుకి కూడా తెలిసినట్టుంది, అప్పటికే ఒక తీగ గాలం కర్ర వైపు చెయ్యి చాపింది.

మర్నాడు కోడి కూయగానే బుచ్చిలింగం గాలం కర్ర పట్టుకుని ఏటికి పరిగెత్తాడు. జరిగిందంతా శీలావతికి చెప్పి చేతులు జోడించాడు.

"ఒక్కసారికి, ఒక్క అబద్ధం ఆడు శీలావతమ్మా. బారెడున్నానను. నీకు పుణ్యముంటది."

శీలావతి మొహం చిన్నబోయింది. కర్ర పోతే ఎర్రలు పోతాయి, అది పర్లేదు. ఊరి సంగతులు పోతాయి. లింగయ్య పోతాడు. అది మాత్రం ఆమెకు నచ్చలేదు.

"మా వంశంలో ఎవరూ ఆడలా లింగయ్యా. ఎట్లా ఆడాలో నేర్పు, చూద్దాం."

బుచ్చిలింగం నేర్పడానికి కూర్చున్నాడు. అబద్ధాల బడి పెట్టారని తెలిసి మడుగులో ఉన్న చేపలన్నీ చుట్టూ చేరాయి. వాలుగ మీసాలు దువ్వుకుంటూ ముందు వరసలో నిలబడింది. జెల్లలు వెనక గుంపుగా నిలబడ్డాయి.

"నా తర్వాత అనండి. నేను."

"నేను," అన్నాయి చేపలన్నీ.

"బారెడు."

"బా..." అన్నాయి చేపలు. అక్కడే ఆగిపోయాయి. చేపలకు చెమటలు పడతాయో లేదో నాకు తెలియదు గానీ, ఆ పూట పట్టే ఉంటాయి.

విచిత్రమేమిటంటే గొంతులకు అభ్యంతరం లేదు. అవి హుషారుగా "బా" దాకా ఎగబాకేవి. చేపలే వాటిని పట్టి వెనక్కి లాగేవి. శీలావతి కళ్ళు బయటికొచ్చేటట్టు ప్రయత్నించి, చివరికి "జానెడు మీద నాలుగు వేళ్ళు" అని ఒక్క గుక్కలో అనేసి ఏడుపు మొహం పెట్టింది.

"నావల్ల కాదు లింగయ్యా. నోటిదాకా వస్తంది గానీ ఒళ్ళంతా జలదరిస్తంది."

అప్పటికే ఎండెక్కుతోంది. మంకమ్మ బయల్దేరే వేళ దగ్గరపడింది. బుచ్చిలింగం తల పట్టుకు కూర్చున్నాడు.

అంతలో రాయి కిందనుంచి ముసలి ఎండ్రకాయ పక్కవాటంగా నడుచుకుంటూ వచ్చింది. అది ఏ పనైనా పక్కవాటంగానే చేస్తుంది, ఆలోచన కూడా.

"అబద్ధం ఆడలేకపోతే మానెయ్యండి. నిజం కూడా చెప్పకండి. గొంతులు తీసి అవతల పెట్టండి."

"గొంతు తీసేదేంది తాతా?" అంది వాలుగ.

"ఏం, నేను ఏడాదికోసారి నా చిప్ప మొత్తం విప్పి అవతల పెట్టనా? గొంతెంత? తలా ఒక దగ్గు దగ్గండి. నేను రాళ్ళ కింద దాస్తా. ఆమె వెళ్ళిపోయాక ఎవరిది వాళ్ళకిస్తా."

శీలావతి ఒక్కతే దగ్గితే చాలదు, అందరూ దగ్గాలంది ఎండ్రకాయ. నిజమే మరి. శీలావతి మౌనంగా ఉంటే జెల్లలు ఊరుకుంటాయా, అడక్కపోయినా వరసపెట్టి కొలతలు చెప్తాయి.

చేపలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. బుచ్చిలింగం అందరి మొహాలూ చూశాడు. అతని కళ్ళు చూసి శీలావతి ముందుకొచ్చింది. దగ్గింది. గొంతు చిన్న నీటిబుడగలా బయటికొచ్చి మిలమిలలాడింది. ఎండ్రకాయ దాన్ని పట్టుకారుతో పట్టుకున్నట్టు సుతారంగా పట్టుకుని, మడుగు దిగువన పరుచుకున్న రాళ్ళలో ఒకదాని కింద పెట్టింది. ఆ వెనక వాలుగ దగ్గింది, మోసు చేపలు దగ్గాయి, జెల్లలు దగ్గాయి. కాసేపట్లో ఏరంతా నిశ్శబ్దమైపోయింది. కొత్త చోటు కదా, గొంతులు కూడా బెదిరి కిక్కురుమనలేదు.

మంకమ్మ కొంగు బిగించుకుని రానే వచ్చింది. వెనకే రత్తయ్య, ఆయన వెనక మిగతా గాలంవాళ్ళు, వాళ్ళ వెనక తలా ఒక పని మానుకున్న సగం ఊరు. ఏరు అంత నిశ్శబ్దంగా ఉండడం వాళ్ళెవ్వరూ ఎరగరు. మాట్లాడేవాళ్ళు కూడా గుసగుసలాడారు.

శీలావతి ఒడ్డు దాకా వచ్చి నిలబడింది. మంకమ్మ వంగింది.

"ఏమ్మా శీలావతీ, బాగున్నావా? మా ఆయన నువ్వు బారెడున్నావంటున్నాడు. నిజమేనా?"

శీలావతి నోరు తెరిచింది. మూసింది.

"గట్టిగా చెప్పమ్మా. వినపడలా."

శీలావతి ఇంకా పెద్దగా తెరిచింది. మూసింది. ఆమె నిజమే చెబుతోంది, జానెడు మీద నాలుగు వేళ్ళనే చెబుతోంది. చెప్పకుండా ఉండడం కూడా ఆమెకు రాదు. కానీ ఒక్క ముక్క బయటికి రాలేదు.

"జలుబా ఏంది దీనికి?" అంది మంకమ్మ. పక్కనున్న వాలుగని అడిగింది. అదీ నోరు తెరిచి మూసింది. మీసాలు మాత్రం ఊగాయి. జెల్లల్ని అడిగింది. అవన్నీ ఒక్కసారి తెరిచి, ఒక్కసారి మూశాయి.

బుచ్చిలింగం గాలం కర్రని వెనక దాచుకున్నాడు.

మంకమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు నీళ్ళ వంక చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. ఆ చూపుకు బుచ్చిలింగం బారెడు కాస్తా జానెడయ్యాడు.

"చేప కాదంటే కర్ర తీసుకుంటానన్నా. కాదనలా. అన్నమాట అన్నమాటే, కర్ర నీదే," అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మసాలా మాత్రం ఇంక నేను నూరను."

ఊరంతా ఆమె వెనకే వెళ్ళిపోయింది. బుచ్చిలింగం కర్రని కావలించుకుని ఒడ్డున గెంతాడు. ఇంత వయసొచ్చి ఆ గెంతులేమిటని ఒడ్డున కొంగ మొహం తిప్పుకుంది.

గెంతడం అయ్యాక నీళ్ళల్లోకి దిగాడు. "తాతా, ఇంక గొంతులు ఇచ్చెయ్యి. శీలావతమ్మదే ముందు. ఆమెతో చాలా మాట్లాడాలి."

అప్పుడు మొదలైంది. రాళ్ళ దగ్గర గలగలమని ఒక చప్పుడు. ఇంతసేపూ బెదిరి ఉన్న గొంతులకు ధైర్యం వచ్చింది. చేప తినేటప్పుడు ఆగక్కర్లేదు, చేప ఈదేచోటికల్లా వెంట పోనక్కర్లేదు, ఏమంటే అది అనొచ్చు. ఒకదాన్నొకటి పలకరించుకుని, రాయి మారి రాయి కిందికి దూరి, గలగలా వాగడం మొదలుపెట్టాయి.

ఎండ్రకాయ ఈ రాయి కింద చూసింది, ఆ రాయి కింద చూసింది. "ఏది ఎక్కడ పెట్టానో నాకు బాగా గుర్తుంది," అంది. "పెట్టినచోట అవి లేవు, అంతే."

బుచ్చిలింగం మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళకు చెవి ఆనించాడు. "శీలావతమ్మ గొంతు ఎవరు?"

"నేనే," అంది ఈ రాయి కింది గొంతు. "నేనే," అంది ఆ పక్క రాయి. "నేనే, నేనే, నేనే," అంటూ ఏటి పొడుగునా ప్రతి రాయీ పలికింది.

"అయితే నువ్వు ఎంతుంటావు?"

"బారెడు," అందొకటి. "రెండు బారలు," అంది ఇంకోటి. "ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా," అంది మూడోది, ఆనందం పట్టలేక.

పొద్దున్న నేర్పిన పాఠం చేపలకు రాలేదు. గొంతులకు వచ్చేసింది. వెనక్కి పట్టి లాగే చేప లేకపోయేసరికి వాటికిక అడ్డే లేదు. బుచ్చిలింగం నేర్పిన ఒక్క అబద్ధాన్ని అవి వందరకాలుగా ఆడుతున్నాయి. వాటిలో నిజం చెప్పేది ఏదో, శీలావతిది ఏదో, పట్టుకోవడం ఎలా? ఆ గొంతు తనకు తెలుసనుకున్నాడు. ఇన్నాళ్ళూ తను చెప్పడమే తప్ప ఆమె గొంతు ఎలా ఉంటుందో ఎన్నడూ శ్రద్ధగా వినలేదని అప్పుడు తెలిసింది. అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి.

అయినా వదల్లేదు. ఒక్కో రాయి దగ్గర దోసిలి పట్టి, గలగలమంటున్న నీళ్ళు తెచ్చి శీలావతి ముందు పెట్టాడు. ఆమె నోరు తెరిచి పుచ్చుకుంది. ఒక్క క్షణం ఆలోచించింది. కాదన్నట్టు చెంపల పక్కనుంచి వదిలేసింది. ఇంకో దోసిలి తెచ్చాడు. పుచ్చుకుంది, వదిలేసింది. వాలుగ కూడా వచ్చి నోరు తెరిచింది, మోసులు వచ్చాయి, జెల్లలు బారులు తీరాయి. అన్నిటికీ తెచ్చిపోశాడు. ఎవరిది ఎవరికీ కుదరలేదు.

ఈలోగా గొంతులు కొన్ని పారే నీళ్ళతో కలిసి దిగువకు పోయాయి. అక్కడి గొంతులతో కబుర్లు పెట్టుకున్నాయి. అబద్ధమాడడం ఎంత హాయో దారిపొడుగునా చెప్పుకుంటూ పోయాయి. అక్కడి గొంతులు కూడా వాటి చేపల నోళ్ళల్లోంచి దూకి, అందిన రాళ్ళ కింద దూరాయి. అలా ఏటి నుంచి ఏటికి, వాగు నుంచి వాగుకు పాకి, లోకంలో ఒక్క చేపకూ గొంతు మిగల్లేదు.

సాయంత్రం బండల మీద అందరూ చేరారు. రత్తయ్య తలపాగా సర్దుకుని, ఇవాళ పడిన వాలుగ బయటికొస్తే ఏరు రెండడుగులు తగ్గేదన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆయన కాసేపు ఆగాడు. ఏరు నాలుగడుగులు తగ్గేదన్నాడు. నీళ్ళ వైపు చూశాడు. "ఏమే, వినపడిందా?" అన్నాడు. రాళ్ళ దగ్గర ఏవో గొంతులు అవునవునని గలగలమన్నాయి. ఆయనకు ఎందుకో ఆ మాట చేదుగా తగిలింది. అలా కాదనేవాళ్ళు ఒక్కరూ లేకుండా గొప్పలు చెప్పుకోవడంలో రుచేముంది? అందరూ పెందలాడే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

బుచ్చిలింగం మాత్రం మరుసటి వారం మళ్ళీ వచ్చాడు. కర్ర ఉంది, ఎర్ర ఉంది, శీలావతి కూడా ఉంది. దారం జివ్వున లాగింది. ఆమె పైకి తేలి నోరు తెరిచింది, మూసింది. బాగా లాగానా అని అడుగుతోందని అతనికి తెలుసు. బాగా లాగావన్నాడు. ఊళ్ళో సంగతులు చెప్పబోయి ఆపేశాడు. నోరు మూసుకుని, చెవులు రిక్కించి, పారే నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎప్పుడైనా, ఏ రాయి దగ్గరైనా, ఆ గొంతు ఒక్కసారి నిజం చెబుతుందేమో, వెంటనే పట్టుకుని ఆమెకిచ్చేద్దామని.

అప్పటినుంచే ఏరు రాళ్ళ దగ్గర గలగలమంటుంది, రాళ్ళు లేని మడుగులో మూగగా ఉంటుంది. అది చెప్పే మాట ఒక్కటి కూడా నమ్మకండి. అప్పటినుంచే గాలం వేసేవాళ్ళు గంటల తరబడి పెదవి విప్పకుండా నీళ్ళ వంక చూస్తూ కూర్చుంటారు.

చేప సంగతి మీరే చూడొచ్చు. అప్పటినుంచే దాని నోరు ఒక్క క్షణం ఊరికే ఉండదు. నీళ్ళు పుచ్చుకుంటుంది, తన గొంతేమోనని చూసుకుంటుంది, కాదని చెంపల పక్కనుంచి వదిలేసి మళ్ళీ నోరు తెరుస్తుంది.